బావికి ఊపిరుంది

జూన్ 1, ఆదివారం

సంతోషం పట్టలేకపోతున్నాను. ఎవరికైనా చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరూ లేరు, అందుకే ఎరువుల అంగడివాళ్ళు ఎప్పుడో ఇచ్చిన ఈ డైరీ తీశాను. దీనికి తాళం అక్కర్లేదు. నా కూతురు ప్రతిభకు చదవడం తమిళం, ఇంగ్లీషే వచ్చు, తెలుగు నోటితోనే. అల్లుడు గోపీనాథ్‌దీ అదే కథ. చిన్నప్పుడు హోసూరులో మేనమామ ఇంట్లో ఉండి తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివాను కాబట్టి, ఈ ఇంట్లో ఈ అక్షరాలకు నేనొక్కణ్ణే దిక్కు.

సంగతేమిటంటే, ప్రతిభ ఆఫీసులో చేసిన మోడల్‌ను నిజమైన బావికి పెట్టారు! అదీ ఏ బావి? ఎడారి దేశంలో మా గోపి పని చేసే బావి! మొగుడు బావి దగ్గర, పెళ్ళాం ఇక్కడ హోసూరులో లెక్క దగ్గర. నీళ్ళ బావి కాదు, చమురు కోసం నేల లోపలికి మైళ్ళ లోతున దించే బావి అది. పైగా పిల్ల కడుపుతో ఉంది. దేవుడు ఒకే చేత్తో ఇన్ని ఇస్తాడని నాకు తెలియదు. నా భార్య రంగమ్మ బతికి ఉండుంటే ఈపాటికి వీధంతా చక్కెర పంచేది.

మోడల్ అంటే ఏమిటమ్మా అని అడిగాను. నా కోసం ఓపిగ్గా చెప్పింది.

"గోలీ సోడా చూసినావు కదా నాయనా. గోలీ నొక్కేదాకా లోపల గాలుండాదని తెలుస్తాదా? నీళ్ళ మాదిరే ఉంటాది. అంత లోతులో గ్యాసు కూడా అంతే, బావిలో పోసే బురదలో కరిగి ఊరికే కూచోనుంటాది. పైకి వచ్చినాకే బుస్సుమంటాది. అది లోపలికి ఎప్పుడు దూరింది, ఎంత దూరింది, అది పైకి రాకముందే లెక్కేసి చెప్పేదే నా పని."

ఆ గ్యాసును సోర్ గ్యాస్ అంటారట. సోర్ అంటే పులుపే కదా, పుల్లటి గ్యాసా అన్నాను. కడుపు పట్టుకుని నవ్వింది. పులుపు కాదట, కుళ్ళిన కోడిగుడ్డు కంపట. కొంచెముంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుంది, తర్వాత మనిషిని. "కంపు వస్తా ఉంటే ఇంకా టైముందని అర్థం నాయనా. వచ్చే కంపు నిల్చిపోయిందంటే పరిగెత్తాల" అంది.

ఆ మాటకు ఎందుకో మా తమ్ముడు పాపన్న గుర్తొచ్చాడు. కల్లావి దగ్గర మా చేలో బావి పూడిక తీస్తూ పోయాడు. కాలు జారింది. ఇంత మంచి రోజున అదెందుకు రాయడం.

జూన్ 3

పక్కింటి లక్ష్మక్కకు మా ప్రతిభ మోడలింగ్ చేస్తుందని గొప్పగా చెప్పాను. ఆమె కాసేపు నన్ను పైనుంచి కిందికి చూసి, కడుపుతో ఉన్న పిల్లతో ఏ చీరల అంగడివాళ్ళు ఫోటోలు తీయిస్తున్నారని అడిగింది. బాగలూరు రోడ్డులో బోర్డు పెడితే చెప్పమంది, చూసొస్తుందట. నేను గ్యాసు అనగానే, "అయితే స్టవ్వు పక్కన నిలబడేదా?" అంది.

సాయంత్రం ప్రతిభకు చెబితే, తినే బజ్జీ గొంతుకు అడ్డం పడేదాకా నవ్వింది. ఈ ఇంట్లో ఇట్లాంటి నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

జూన్ 8, ఆదివారం

కృష్ణగిరి అవతల మా పోచంపల్లి సంతకు పోయి వచ్చాను. నాటుకోడి, చింతపండు, ప్రతిభకు ఇష్టమని నేరేడుపళ్ళు. కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఒకడు తాత కాబోతున్నావు కాఫీ తాగించమన్నాడు, తాగించాను.

ఇంటికి వచ్చి తలుపు తీయగానే కుళ్ళిన గుడ్డు కంపు. ఫ్రిజ్ చూశాను, సింక్ కింద చూశాను, చెత్తబుట్ట కడిగాను. ప్రతిభకు ఏమీ రావడం లేదట. లక్ష్మక్కను పిలిచి వాసన చూడమన్నాను. నీ చింతపండు వాసనే వస్తోంది హనుమంతన్నా అంది.

పిల్ల చెప్పిన మాట మనసులో పడి అట్లా అనిపిస్తోంది. అంతే.

జూన్ 9

కంపు ఉంది.

జూన్ 11

బాత్‌రూమ్ కొళాయి తిప్పితే పైపు లోపల్నుంచి ఎవరో "అన్నా" అన్నట్టుంది. పైపులో గాలి. పాత అపార్టుమెంటు.

కాలు జారింది. నాచు ఉండేది ఆ బావి మెట్ల మీద.

జూన్ 14

గోపి క్యాంపు కంప్యూటరు నుంచి వీడియోలో కనబడ్డాడు. నల్లబడ్డాడు గానీ మీసం బాగుంది. అతని పని, బావిలోంచి తిరిగి వచ్చే బురదను తొట్టిలో కొలవడం. వచ్చే నెల శ్రీమంతానికి వచ్చేస్తానని చెప్పాడు. నేను ఫోను దగ్గరికి వంగి ఆనందంతో ఏమేమో మాట్లాడేశాను. మామా, నీ చెవి ఒకటే కనిపిస్తా ఉండాది అన్నాడు.

అతను నవ్వుతూ పెట్టేశాడు గానీ ప్రతిభ మొహం బాగాలేదు. తన మోడల్ ఒక ఎర్ర గీత గీస్తోందట, బావిలోకి గ్యాసు మెల్లగా దూరుతోందని. ఆఫీసులో ఆమెకు పైవాడు శక్తి అని ఒకాయన. మంచివాడే. ఆయనేమన్నాడంటే, బావి దగ్గరున్నవాళ్ళు అట్లాంటిదేమీ లేదంటున్నారు, ఒకవేళ నీ లెక్కే అతిగా భయపడుతోందేమో, అక్కడి నుంచి గట్టి మాట వచ్చేదాకా ఆగుదామని. తప్పుగా బావి పని ఆపిస్తే పెద్ద పరువు నష్టం. ఆపకుండా ఉండి గ్యాసు నిజమైతే ఏమవుతుందో ఆమె నాకు చెప్పలేదు. చెప్పకుండా కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"గోపి తొట్టి కాడనే కదా ఉండేది. ఆయన చూసి చెప్తే నేను నమ్ముతాను" అంది.

అంతా మంచే జరుగుతుంది. నా పిల్ల అదృష్టవంతురాలు.

జూన్ 18

ఈ రోజును ఎర్ర సిరాతో రాయాలి! పొద్దున్నే బస్సెక్కి కృష్ణగిరికి పోయాం, స్కానింగుకు. హోసూరులో లేవా అంటే ఉన్నాయి, కానీ రంగమ్మకు కాన్పు చేసిన డాక్టరమ్మ కోడలే ఇప్పుడు అక్కడ చూస్తుంది, నాకు ఆ చెయ్యి మీద నమ్మకం. ప్రతిభ లోపలికి పోతూ తన ఫోను నా చేతికిచ్చింది. గోపి చేస్తే ఎత్తు నాయనా, ఏమన్నాడో విను అంది. అతనికి పని చోట సొంత ఫోను కూడదట, దొరికినప్పుడు క్యాంపు ఫోను నుంచి చేస్తాడు.

చేశాడు! నేను బయట బెంచీ మీద కూర్చునున్నాను. రోడ్డు మీద మామిడికాయల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. హారన్లు. లైను గరగర. అయినా ముఖ్యమైన మాట నా చెవిన పడింది. బావి ఊపిరి తీసుకుంటోందట! నాకు ప్రాణం లేచొచ్చింది. ఊపిరున్న బావికి భయమేమిటి? ఇంకా ఏదో ఎక్కువ, ఎక్కువ అన్నాడు. పని ఎక్కువగా ఉందని కాబోలు. నేను, చాలా సంతోషమప్పా, జాగ్రత్తగా ఉండు, చెప్తాను అన్నాను. అతను ఇంకోసారి, "మామా, మరిచిపోవద్దు" అన్నాడు. నేనెందుకు మరిచిపోతాను.

ప్రతిభ బయటికి రాగానే చెప్పేశాను. "బావికి ఊపిరి బాగుండాదంటమ్మా. ఏం భయం లేదు."

"ఊపిరే అన్నాడా?"

"ఊపిరే."

గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. అక్కడి నుంచే శక్తికి ఫోను చేసి, సైటు వాళ్ళు అదే చెప్తున్నారు, నా గీతను పక్కన పెట్టేద్దాం అని చెప్పింది. స్కానింగులో కూడా బిడ్డ బాగుందట. ఇద్దరం హోటల్లో పొంగలి తిన్నాం. నెయ్యి ధారాళంగా పోశాడు మహానుభావుడు.

ఒక్కటే రాయాలి. అన్ని మామిడి లారీలు పోయాయి, నాకు మామిడి వాసన తగల్లేదు.

జూన్ 19

పొద్దున లేచేసరికి ఇంట్లో కంపు లేదు.

సంతోషించాలి కదా. మంచం మీద నుంచి లేవలేకపోయాను. వంటింట్లోకి పోయి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను, అప్పుడు వచ్చింది కొంచెం. వయసు అయింది, జలుబు కూడా ఉంది.

మళ్ళీ చూశాను. మళ్ళీ.

పాపన్న ఏం పొరపాటు చేయలేదు. కాలు జారింది, అంతే కదా.

జూన్ 20

వరుసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

మధ్యాహ్నం ప్రతిభ తొందరగా వచ్చేసింది, శ్రీమంతం గాజులు చూద్దామని. సంగటి, కోడికూర ముందు పెట్టుకుని గోపికి ఏ రంగు చీర నచ్చుతుందో చెబుతోంది. నేను వంటింట్లో ఇంగువ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడి ఉంటే చూసింది. ఏం చేస్తున్నావని అడిగింది. అబద్ధం రాలేదు నోటికి. ఇంట్లో కంపు వచ్చిందీ, నిలిచిపోయిందీ చెప్పాను. అది కంపు కాదనీ, పాపన్న అనీ చెప్పాను. ఆమెకు తెలిసింది కాలు జారిన చిన్నాయనే. పాపన్న కాలు జారలేదని చెప్పాను. ఆ మాట నా నోటితో అనడం ఇదే మొదలు.

మా వైపు బావిలో దిగే ముందు చాంతాడుకు లాంతరు కట్టి దించేవాళ్ళం. ఆరిపోతే బావికి ఊపిరి లేదని అర్థం, ఎవరూ దిగరు. వెలుగుతూ ఉంటే బావికి ఊపిరుంది. ఆ రోజు లాంతరు చక్కగా వెలిగింది. పాపన్న అడుగుకు దిగి, పైకి చూసి, నవ్వుతూ అరిచాడు. "ఊపిరి బాగుండాదన్నా." గడ్డపార తీసుకుని పూడిక కదిలించాడు. ఏదో కుళ్ళు కంపు అన్నాడు. కాసేపటికి, కంపు పోయింది లేన్నా అన్నాడు. అదే ఆఖరు మాట. కేక లేదు, ఏమీ లేదు, కూర్చున్నట్టు కూర్చుండిపోయాడు. లాంతరు అతని పక్కనే వెలుగుతూ ఉంది. వెలిగే లాంతరు పక్కన మనిషి ఎట్లా పోయాడో ఎవరికీ అర్థం కాలేదు. కాలు జారిందని మా అమ్మ బసవమ్మ అంది. అందరం అదే పట్టుకున్నాం.

ప్రతిభ నా చేతిలోంచి డబ్బా తీసుకుంది.

"లాంతరుకు ఆ గ్యాసు తెలీదు నాయనా. పూడికలో పట్టుకోనుంటాది, కదిలిస్తే లేస్తాది. దీపం ఆరనంత కొంచెమే చాలు మనిషికి. అది నేను లెక్కేసే గ్యాసే."

ఇన్నేళ్ళ తర్వాత నా తమ్ముడు ఎట్లా పోయాడో నా కూతురు నాకు చెప్పింది. ఏడుపు వచ్చింది, ఏదో బరువు దిగినట్టూ అయింది. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"ఊపిరంటే మీకు అదా? దిగితే మనిషి బతుకుతాడని?"

అవునన్నాను. ఇంకేముంటుంది?

"నాయనా, కృష్ణగిరిలో గోపి ఏమన్నాడు? నీ మాటల్లో వద్దు. ఆయన మాటల్లో చెప్పు."

కళ్ళు మూసుకున్నాను. లారీలు, హారన్లు, గరగర. వాటి మధ్య నుంచి అతని గొంతు మెల్లగా వచ్చింది, ఒక్కొక్క మాటే, చేద వేసి తోడినట్టు.

"'ఈడ అందరూ బావి ఊపిరి తీసుకుంటా ఉండాదంటా ఉండారు మామా' అన్నాడు."

"అందరూ అంటా ఉండారనా? ఊపిరి తీసుకుంటా ఉండాదనా?"

"అందరూ అంటా ఉండారని."

"ఇంకా?"

"పంపు ఆపినప్పుడంతా బురద వెనక్కి వస్తా ఉండాది. ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ. ప్రతిభకు చెప్పు, మరిచిపోవద్దు."

ఆమె తొందరతొందరగా చెప్పింది నాకు ఇప్పుడు అర్థమైంది. పంపు ఆడేటప్పుడు బురద రాతి చీలికల్లోకి పోతుంది, ఆపితే రాయి దాన్ని తిరిగి కక్కేస్తుంది. దాన్నే వాళ్ళు బావి ఊపిరి తీసుకుంటోందంటారు. అందులో భయం లేదు. కానీ ఊపిరైతే ప్రతిసారీ తగ్గుతూ రావాలి. ఎక్కువవుతూ వస్తే అది ఊపిరి కాదు, కింద నుంచి గ్యాసు దూరి బురదను పైకి నెడుతోంది. గోపికి ఆ అనుమానం వచ్చింది. అతని మాటను అక్కడ పైవాళ్ళు వినలేదు, అందుకే పెళ్ళానికి చెప్పమన్నాడు. నేను చెప్పింది ఏమిటి? ఏం భయం లేదని.

చెయ్యి కూడా కడుక్కోకుండా శక్తికి ఫోను చేసింది. మొన్న నువ్వే కదమ్మా ఊపిరన్నావని ఆయన అన్నట్టున్నాడు. "నేను తప్పు విన్నాను సార్" అంది. తప్పు విన్నది తాను కాదు. నా వైపు చూడలేదు కూడా. ఎర్ర గీతను మళ్ళీ తెరవమంది, బావి మూయమని ఇప్పుడే చెప్పమంది, గొంతు పెంచకుండా, మాట తడబడకుండా. ఆయన కూడా మంచివాడు, వెంటనే తానే అక్కడికి ఫోను చేశాడట.

ఇప్పుడు లోపల గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. కోడికూర కంచంలోనే ఉంది.

జూన్ 21

ఫోను రాలేదు.

జూన్ 21, మళ్ళీ

బావి మూశారట. కానీ అప్పటికే లోపలికి వచ్చిన గ్యాసును మెల్లగా బయటికి పంపాలట. అదే ఇప్పుడు జరుగుతోందట. సోడా గోలీ మెల్లగా నొక్కినట్టు. గోపి సంగతి ఎవరూ చెప్పడం లేదు. ప్రతిభ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొళాయి తిప్పడం లేదు నేను. బకెట్టులో ఉన్న నీళ్ళే వాడుకుంటున్నాను.

జూన్ 22

బతికాడు! నా అల్లుడు బతికాడు! హోసూరు కొండ మీద చంద్రచూడేశ్వరుడి గుడికి మోకాళ్ళ మీద ఎక్కుతాను, మోకాళ్ళు ఉన్నా లేకున్నా ఎక్కుతాను!

గ్యాసు పైకి వచ్చేసరికి అందరూ సిద్ధంగా ఉన్నారట, గాలి వచ్చే వైపున చేరి, మొహాలకు మాస్కులు వేసుకుని. ఒక పిల్లగాడి మాస్కు సరిగ్గా కూర్చోక తూలిపోతుంటే, అతన్ని లాగడానికి పోయి గోపి కొంచెం పీల్చాడట. ఇద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు. ఇద్దరూ మాట్లాడుతున్నారు. బావి మూయకుండా ఇంకా లోతుకు పోయి ఉంటే, ఆ చోట ఎవరూ మిగిలేవాళ్ళు కాదని శక్తి ప్రతిభకు చెప్పాడట.

ప్రతిభ వచ్చి నా పక్కన కూర్చుంది. "చిన్నాయన గురించి నువ్వు చెప్పకపోతే నేను అడిగేదాన్నే కాదు నాయనా" అంది. నన్ను ఓదార్చడానికే అంది. నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.

ఇల్లంతా ఊరికే ఉంది. ఏ కంపూ లేదు. ఇంగువ చూశాను, బాగానే వస్తోంది.

జూలై 13

గోపి ఇంట్లో ఉన్నాడు. శ్రీమంతం అయింది. లక్ష్మక్క వచ్చి, మొగుడు వచ్చినాడు కదా, ఇప్పుడైనా మోడల్‌ను ఫోటో తీయించండప్పా అంది. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ప్రతిభ కొప్పులో గంపెడు మల్లెపూలు. గోపి వెనక నుంచి వంగి వాటి మీద మొహం పెట్టాడు. అట్లాగే కాసేపు ఉండి, మొహం తీసేశాడు. నాకు తెలిసిపోయింది. తర్వాత పిలిచి ఇంగువ డబ్బా మూత తీసి అతని ముక్కు కింద పెట్టాను.

"నీళ్ళ మాదిరి ఉండాది మామా" అన్నాడు. "డాక్టర్లు వస్తాదంటా ఉండారు, రాకపోవచ్చనీ అంటా ఉండారు. ప్రతిభకు ఇప్పుడే చెప్పొద్దు."

నేను అతనికి దండం పెట్టబోయాను. చేతులు పట్టుకుని ఆపేశాడు. "లైను బాగాలేదు మామా" అన్నాడు.

జూలై 27

మళ్ళీ వచ్చింది ఆ కంపు. పూడిక కంపు. వంటింట్లో కాదు, నేను ఎక్కడుంటే అక్కడ.

నాకు భయం వేయలేదు. విచిత్రం.

ఆగస్టు 24

ఆడపిల్ల! కృష్ణగిరిలో, అదే డాక్టరమ్మ చేతి మీద. రంగమ్మ గడ్డం, అచ్చంగా రంగమ్మ గడ్డం! నర్సుకు, కాపలా వాడికి, ముందు బెడ్డు వాళ్ళకు, వెనక బెడ్డు వాళ్ళకు, మందులు కొనడానికి వచ్చిన ఎవరో ఊత్తంగరై ఊరి ఆయనకు, అందరికీ మిఠాయి పెట్టాను. ఇంత సంతోషం ఈ ఒంట్లో ఎట్లా పడుతుందో తెలియడం లేదు.

ప్రతిభ నిద్రపోతోంది. గోపి బిడ్డను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. తల మీద ముక్కు పెట్టి, పీల్చి, మళ్ళీ పీల్చి చూస్తున్నాడు. నేను పక్కకు పోయాను. ఆమె లేవకుండా మెల్లగా అడిగాడు.

"మామా, ఎట్లుండాది చెప్పు. అందరూ అంటారు కదా, బిడ్డ తల వాసనని."

బిడ్డను తీసుకున్నాను. ఆ మెత్తటి తల మీద ముక్కు పెట్టాను. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్కటీ విని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"పాలప్పా. ముందు పాలు. దాని వెనక కాచిన నెయ్యి, కొంచెమే. ఎండలో ఆరేసిన నూలుబట్ట. తడిసిన రాగిపిండి. కొత్త చింతాకు ఉంటాది చూడు, అట్లాంటి పచ్చి వాసన చెవుల కాడ."

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. మొహమంతా మెల్లగా వెలిగింది. "ఇంకా?" అన్నాడు.

ఇంకా ఒకటి ఉంది. అన్నిటికీ అడుగున, చాలా దూరం నుంచి, తడి పూడిక కంపు. అది బిడ్డది కాదు, నాది. అది ఒక్కటి చెప్పలేదు.

అది ఉండనీ. అది వస్తూ ఉన్నంతకాలం నా ముక్కు బతికి ఉన్నట్టు. ఇంట్లో ఒకరి ముక్కయినా బతికి ఉండాలి.

"ఇంకా పాలేనప్పా" అన్నాను.